నురగ నిలవాలి, రుచి తెలియాలి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నలుగురు మిత్రులు తలో రకం క్రాఫ్ట్ బీరు (చిన్న బ్రూవరీల్లో కొద్దికొద్దిగా చేసేది) తెచ్చుకుని కలిసి రుచి చూడటం గురించి దక్షిణ తెలంగాణ నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబిస్తున్నాం. ఇవన్నీ 21 ఏళ్ళు నిండినవారికే.

మేం ఆరుగురం. నెలకోసారి ఒక్కొక్కరం రెండేసి రకాలు తెచ్చుకుని కూర్చుంటున్నాం. నాలుగోది దాటేసరికి అన్నీ ఒకే తీరుగా అనిపిస్తున్నాయి. తప్పు ఎక్కడుంది? (నల్గొండ)

లెక్కలోనే ఉంది. ఒక పూటకి పన్నెండు రకాలను ఏ నాలుకా మోయలేదు. ఆరు చాలు. మనిషికి ఒక్కటే తెచ్చుకోండి, రెండోది వచ్చే నెలకి ఫ్రిజ్‌లో ఉంచండి.

మనిషికి ఒక రకం 100 మి.లీ. పోయండి. 650 మి.లీ. సీసా ఒక్కటి ఆరుగురికి సరిపోగా, అడుగున మడ్డి ఉంటే ఆ చివరి 50 వదిలేసే వీలు కూడా ఉంటుంది. 500 మి.లీ. టిన్ను అయితే తలా 80. ఆల్కహాల్ 8 శాతం దాకా ఉన్న స్ట్రాంగ్ రకమైతే 60 దగ్గర ఆపండి. గ్లాసులో పావు వంతుకు మించి నింపొద్దు. పైన ఖాళీ ఉంటేనే వాసన పోగవుతుంది, ముక్కుకి అందుతుంది. రుచి అనుకునే దాంట్లో పెద్ద భాగం వాసనే.

వరస చాలా ముఖ్యం. పలచనిది ముందు, చిక్కనిది వెనక. పిల్స్‌నర్ లాంటి లాగర్‌తో (చల్లగా పులియబెట్టే పలచని బీరు) మొదలుపెట్టి గోధుమ బీరు, అంబర్ ఏల్ (వెచ్చగా పులియబెట్టే ఎర్రటి బీరు), స్టౌట్ (వేయించిన బార్లీతో చేసే నల్లటిది), ఆఖర్న ఐపీఏ (హాప్స్ అనే చేదు పూలు ఎక్కువగా వేసేది). స్టౌట్, ఐపీఏల్లో ఏది ముందన్నది ఎప్పుడూ వాదనే. మా మాట మాత్రం ఐపీఏ చివరకే. హాప్స్ చేదు నాలుకని పట్టుకుంటే నీళ్ళు తాగినా తొందరగా వదలదు, తర్వాత వచ్చిన బీరుకి అన్యాయం జరుగుతుంది. స్టౌట్ మరీ గాఢమైనదైతే ఈ రెండింటినీ తారుమారు చేయండి.

అన్నీ గడ్డకట్టేంత చల్లగా తాగడం ఇంకో తప్పు. చలి నాలుకని మొద్దుబారుస్తుంది. లాగర్ 5 డిగ్రీల దగ్గర, గోధుమ బీరు 6 నుంచి 8, ఏల్ 8 నుంచి 10, స్టౌట్ 10 నుంచి 12 డిగ్రీల దగ్గర బాగుంటాయి. థర్మామీటరు లేకపోతే స్టౌట్‌ని ఫ్రిజ్ నుంచి 20 నిమిషాలు ముందు తీసిపెట్టండి. మే నెలలో 10 నిమిషాలే చాలు.

ఒక్కో రకానికి పావుగంట ఇవ్వండి. మధ్యలో మామూలు నీళ్ళు, ఉప్పు కారం లేని జొన్నరొట్టె ముక్క. నోరు కడగడానికి బిస్కెట్ల కంటే జొన్నరొట్టె చాలా మేలు, దాంట్లో చక్కెర, వనస్పతి ఉండవు. గదిలో అగరుబత్తి, దోమల చక్రం, అత్తరు, సిగరెట్ పొగ ఉండకూడదు. దోమలుంటే ఫ్యాన్ పెట్టుకోండి.

ప్రతివారి దగ్గరా ఒక కాగితం ఉండాలి. రంగు, వాసన, రుచి, మింగాక నోట్లో నిలిచేది, ఈ నాలుగూ మాట్లాడుకోకముందే రాయాలి. మొదట ఎవరో ఒకరు ‘కాఫీ వాసన’ అన్నారంటే మిగతా ఐదుగురికీ కాఫీయే తగులుతుంది.

ఇంటికి పోయే సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. 5 శాతం బీరు ఆరు రకాలు, వందేసి మి.లీ. అంటే మొత్తం 600. దాంట్లో 24 గ్రాముల దాకా ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగమనిషికి ఖాళీ కడుపు మీద ఇది రక్తంలో 100 మి.లీ.కి 50 మి.గ్రా. దాకా తీసుకుపోగలదు. చట్టం ఒప్పుకునేది 30. అంటే ‘ఊరికే రుచి చూశాం’ అన్నా బండి నడిపితే నేరమే. మొదటిసారి దొరికితే రూ. 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఎవరింట్లో కూర్చున్నారో రాత్రికి అక్కడే చాపలు పరచుకోండి.

ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి కారు డిక్కీలో తెచ్చిన బీరు తడిసిన అట్టపెట్టెలా ఉంది. మళ్ళీ చల్లబరిచినా అంతే. అమ్మినవాళ్ళు పాతది అంటగట్టారా? (మిర్యాలగూడ)

కావచ్చు, కానీ డిక్కీ మీదే మాకు ఎక్కువ అనుమానం. మీరు చెప్పిన తడిసిన అట్ట వాసన ఆక్సిజన్ పనే. సీసాలో చిటికెడు గాలి ఎప్పుడూ ఉంటుంది, వేడి ఆ పనిని పరుగెత్తిస్తుంది. బీరు తయారీదార్లు మూడు, ముప్ఫై, మూడొందలు అని ఒక లెక్క చెబుతారు. 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు ఉంచితే బీరు ఇంచుమించు ఒకే మేరకు పాతబడుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల 50 డిగ్రీలు దాటుతుంది. చౌటుప్పల్‌లో భోజనానికి ఆగి, నార్కెట్‌పల్లిలో చాయ్‌కి ఆగి, ఇల్లు చేరాక సాయంత్రం దాకా డిక్కీ తెరవకపోతే ఒక్క రోజులోనే వారాల ముసలితనం వచ్చేస్తుంది. ఒకసారి వచ్చాక ఏ ఫ్రిజ్జూ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

‘చల్లబరిచి, వెచ్చబరిచి, మళ్ళీ చల్లబరిస్తే బీరు పాడవుతుంది’ అని చాలామంది నమ్ముతారు. అటూ ఇటూ మారడం వల్ల నష్టం లేదు. ఎంత వేడిలో ఎంతసేపు ఉందన్నదే అసలు సంగతి.

ఈసారి థర్మకోల్ పెట్టె తీసుకెళ్ళండి. అడుగున ఐసు, దాని మీద సీసాలు నిలువుగా, సందుల్లో మళ్ళీ ఐసు. పడుకోబెడితే మడ్డి ఉన్న గోధుమ బీర్లు కలగాపులగం అవుతాయి. పెట్టెని డిక్కీలో కాకుండా ఏసీ తగిలేచోట, సీటు ముందు కింద పెట్టండి. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ఐపీఏ అయితే మూడు నెలలు దాటినది వద్దు, ముందుగా పోయేది హాప్స్ వాసనే. పచ్చ సీసా, తెల్ల సీసా కిటికీ పక్కన ఉంటే ఇంకో జబ్బు వస్తుంది. వెలుతురు తగిలి హాప్స్ విరిగి, కాలిన రబ్బరు లాంటి కంపు కొడుతుంది. గోధుమరంగు సీసా చాలావరకు కాపాడుతుంది, టిన్ను పూర్తిగా కాపాడుతుంది.

ఇంటికొచ్చాక తొందరగా చల్లబడాలంటే డీప్‌ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోవద్దు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, సీసా పగులుతుంది. బకెట్లో రెండు కిలోల ఐసు, ఒక లీటరు నీళ్ళు, రెండు గుప్పెళ్ళ దొడ్డుప్పు కలిపి సీసాలు మెడదాకా ముంచండి. 20 నిమిషాలు చాలు. ఒట్టి ఐసు గడ్డలు సీసాని అక్కడక్కడే తాకుతాయి, నీళ్ళు చుట్టూ అంటుకుంటాయి. తేడా అంతా అందులోనే.

నురగ నిమిషం కూడా నిలవట్లేదు. బోరు నీళ్ళతో శుభ్రంగానే కడుగుతున్నాం. (మర్రిగూడ)

గ్లాసుని వెలుతురులో పట్టి చూడండి. లోపలి గోడకి బుడగలు గుంపుగా అంటుకుని ఉంటే ఆ చోట ఏదో ఉన్నట్టే. మీ వైపు ఉప్పు నీళ్ళు ఆరితే తెల్లటి పొర మిగులుతుంది. గరుకుగా ఉండే ఆ పొర మీద గ్యాసు బుడగలు కట్టి వృథాగా పోతుంది. అర గ్లాసు నీళ్ళలో ఒక నిమ్మకాయ పిండి, లేదా రెండు చెంచాల వెనిగర్ వేసి పది నిమిషాలు నానబెడితే పొర పోతుంది.

నురగని అసలు చంపేవి జిడ్డు, సబ్బు. బోటి కూర తిన్న వేళ్ళతో గ్లాసు అంచు పట్టుకున్నా, మీసానికి నూనె ఉన్నా అంతే. బీరు గ్లాసులకి వేరే పీచు పెట్టుకోండి. కూరగిన్నెలు తోమిన పీచుతో తోమొద్దు. ఆఖరి కడుగు ఫిల్టరు నీళ్ళతో కడిగి బోర్లించి ఆరనివ్వండి, బట్టతో తుడవొద్దు. పోసే ముందు చన్నీళ్ళతో ఒకసారి తడిపితే ఇంకా మంచిది. స్టీలు గ్లాసులో రంగు కనిపించదు, అందుకని వద్దు. మామూలు పెద్ద గాజు గ్లాసులు రుచి చూడటానికి నిక్షేపంగా పనికొస్తాయి.

బెంగళూరులో ఉన్న దోస్తు అక్కడి బీర్లు కొరియర్‌లో పంపుతానంటున్నడు. మేం ఇక్కడివి పంపాలి. 44వ నంబరు హైవే మా ఊరి మీదికెళ్ళే పోతది, కార్ల తెచ్చినా సరేనా? (జడ్చర్ల)

రెండూ వద్దు. మద్యం రాష్ట్రాల పరిధిలోని వ్యవహారం. కర్ణాటకలో పన్ను కట్టిన సీసా తెలంగాణలోకి వస్తే అది ఇక్కడ పన్ను కట్టని మద్యం కిందికే వస్తుంది. ఎక్సైజ్ వాళ్ళు పట్టుకునేది దాన్నే. తపాలా శాఖ మద్యం పార్సిళ్ళను అసలే తీసుకోదు. బట్టలని రాసి కొరియర్‌లో వేయడం మోసం, పైగా గోదాముల వేడికి ఆ బీరు తాగడానికి పనికిరాదు.

మార్పిడి చేసుకోవాల్సింది సీసాలని కాదు. అతను వచ్చినప్పుడు మీరు ఇక్కడ లైసెన్సున్న దుకాణంలో కొని ఉంచండి, మీరు వెళ్ళినప్పుడు అతను అక్కడి బ్రూపబ్‌లో (బీరు అక్కడే తయారుచేసి పోసే చోటు) కూర్చోబెడతాడు. ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి వచ్చే బీరుకి సీసా బీరు ఎప్పటికీ సాటి రాదు. ఊళ్ళో మిత్రుల మధ్య కూడా ‘నాది 300, నీది 200, మిగతా వంద ఇవ్వు’ అనే లెక్క పెట్టుకోవద్దు. డబ్బు చేతులు మారితే అది లైసెన్సు లేని అమ్మకం.

హైదరాబాద్ దోస్తులు క్రాఫ్ట్ బీర్లు తెస్తున్నరు. బదులుగ మా ఊరి కల్లు రుచి చూపెడదామనుకుంటున్నం. ఎట్ల తేవాలె, ఎట్ల ఉంచాలె? (దేవరకొండ)

ఇంతకంటే మంచి బదులు లేదు. బెల్జియంలో బ్రసెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరుంది. దానికి ఈస్టు ఎవరూ వేయరు, గాల్లో, చెక్క పీపాల్లో ఉన్నదే పులియబెడుతుంది. లోకమంతా దాన్ని గొప్పగా చెప్పుకుంటుంది. మన కల్లు కూడా అచ్చం అట్లాగే పులుస్తుంది, లొట్టిలో (కల్లు పట్టే కుండ) నిన్నటి నుంచి మిగిలిన ఈస్టే దానికి తోడు.

చెట్టు నుంచి కారే నీరు మొదట నూటికి పది పన్నెండు పాళ్ళ చక్కెర ఉన్న తియ్యని నీరు. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా ఉంటుంది. పూయకపోతే చెట్టు మీదే పులవడం మొదలవుతుంది. కొన్ని గంటల్లో ఆల్కహాల్ 4, 5 శాతానికి చేరుతుంది, వెంటే పులుపు పెరుగుతుంది. మర్నాటికి వెనిగర్ వైపు పోతుంది. కాబట్టి ఆట అంతా గడియారంతోనే.

గీసే గౌడన్నతో ముందు రోజే మాట్లాడుకోండి. ఈత చలికాలంలో బాగా పారుతుంది, తాడి ఎండాకాలంలో. తాళ్ళలో కూడా పోతుతాడు (మగచెట్టు) కల్లు, పండుతాడు (కాయ కాసే ఆడచెట్టు) కల్లు వేరువేరుగా పట్టించుకోండి. అన్నీ ఒకే కుండలో పోసేస్తే తేడా చెప్పడానికి ఏమీ మిగలదు. పొద్దున్నే మోకు దిగగానే చెట్టు కిందే పలచని బట్టతో వడకట్టండి, చీమలు, తేనెటీగలు ఉంటాయి.

తేవడానికి గాజు సీసా వాడొద్దు. లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకుని ముప్పావు మాత్రమే నింపండి. మూత బిగించకుండా అర చుట్టు వదులుగా ఉంచండి. కల్లు దారి పొడవునా గ్యాసు విడుస్తూనే ఉంటుంది. మూత బిగిస్తే సీసా కడవలా ఉబ్బి, తెరవగానే సగం కల్లు నురగై మీద పడుతుంది. గాజుదైతే పేలి కళ్ళకి ప్రమాదం. సీసా ఐసులో నిలువుగా ఉండాలి. ఐసు పులవడాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆపలేదు. చెట్టు దగ్గర్నుంచి గ్లాసు దాకా రెండు గంటలు దాటనివ్వొద్దు. ఇంకా మంచిది, మీ దోస్తుల్నే చెట్టు కిందికి తీసుకెళ్ళడం. తాటాకు రేకలో పోసిన కల్లుకి ఆకు పచ్చివాసన కూడా తోడవుతుంది.

ఒక పని తప్పకుండా చేయండి. ఒకే లొట్టి కల్లు ఏడింటికి, పదింటికి, ఒంటిగంటకి 50 మి.లీ. చొప్పున పోసి రాసుకోండి. ఏడింటికి తీపి, కొబ్బరినీళ్ళ లాంటి పలుచదనం. పదింటికి తీపి తగ్గి నాలుక మీద చురుకు, ఈస్టు వాసన. ఒంటిగంటకి పులుపు ముందుకొస్తుంది. బీరు తయారీలో వారాలు పట్టేది ఇక్కడ ఒక్క పూటలో కళ్ళ ముందు జరుగుతుంది. ఆ తర్వాత, అదే పూట కాకుండా సాయంత్రం, మడ్డితో ఉండే గోధుమ బీరు పోస్తే మీ దోస్తులకి పోలిక దానంతట అదే తెలుస్తుంది.

చెట్టు కింద మీ కళ్ళ ముందు దించిన కల్లే తీసుకోవాలి. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపిన కల్లు మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు కూల్చిందో అందరికీ తెలుసు. ఈ మత్తుమందులని రుచిచూసి కనిపెట్టడం సాధ్యం కాదు. ఎంతసేపున్నా పులవకుండా తియ్యగానే ఉంటే శాకరిన్ కలిపారని అనుమానించొచ్చు. ఒక్క గ్లాసుకే మగత కమ్మితే వెంటనే ఆపి ఆస్పత్రికి పోవాలి. అట్లాంటి కల్లుకి అలవాటుపడ్డవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఒక్కసారిగా మాన్పించొద్దు. వణుకు, ఫిట్స్ వస్తాయి, డాక్టరు చూస్తుండగానే మాన్పించాలి.

గోధుమ బీరులో అరటిపండు వాసన వచ్చింది. ఎసెన్స్ కలిపారా? ఏది గుణం, ఏది దోషం అని ఎట్లా తెలుస్తుంది? (వనపర్తి)

కలపలేదు. జర్మన్ తరహా గోధుమ బీరులో ఆ ఈస్టే అరటిపండు, లవంగం వాసనలని పుట్టిస్తుంది. అక్కడ అది గుణం. అదే అరటి వాసన లాగర్‌లో వస్తే వేడి ఎక్కువై పులిసిందన్నమాట, దోషం. బెల్జియన్ తరహా విట్ బీరులో మాత్రం ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు.

వెన్న వాసన వచ్చి, నాలుక మీద జిడ్డులా జారితే లాగర్‌ని తగినన్ని రోజులు ఆగనివ్వకుండా తీసేశారు, లేదా కుళాయి గొట్టాలు మురికిగా ఉన్నాయి. ఉడికిన మక్కకంకి వాసన వస్తే మరిగించడం చాలలేదు. పచ్చి ఆపిల్ వాసన పసితనానికి గుర్తు. స్టౌట్‌లో కాఫీ, మాడిన రొట్టె మాత్రం బాగా వేయించిన బార్లీ నుంచి వచ్చే మంచి వాసనలు.

నేర్చుకోవడానికి చౌకదారి ఉంది. ఒకే రకం లాగర్ మూడు సీసాలు కొనండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి వంటింటి అటక మీద రెండు వారాలు. చూసే రోజు మూడోదాన్ని గ్లాసులో పోసి ఎండలో 20 నిమిషాలు పెట్టి మళ్ళీ చల్లబరచండి. మూడూ పక్కపక్కన పెట్టి వాసన చూస్తే పాతబడ్డదీ, ఎండకొట్టిందీ ఇంక జన్మలో మరిచిపోరు.

ఊరి నీళ్ళని బట్టి బీరు మారుతుందంటారు. మరి మన నీళ్ళు? (మహబూబ్‌నగర్)

ఒకప్పుడు పూర్తిగా నిజం. 1842లో జోసెఫ్ గ్రోల్ అనే బీరు తయారీదారు నేటి చెక్ దేశంలోని పిల్సెన్ పట్టణంలో లేతబంగారు లాగర్ చేయగలిగాడంటే అక్కడి నీళ్ళు చాలా మెత్తన (లవణాలు తక్కువ) కావడం ఒక కారణం. ఇంగ్లండ్‌లోని బర్టన్ నీళ్ళలో జిప్సం ఎక్కువ, అందుకే అక్కడి పేల్ ఏల్ చేదు స్పష్టంగా, పొడిగా పలుకుతుంది. డబ్లిన్ నీళ్ళలోని కార్బనేట్లకి వేయించిన బార్లీ పులుపు సరిజోడు, అక్కడ స్టౌట్ కుదిరింది.

ఇప్పుడు చాలా బ్రూవరీలు నీళ్ళని ఆర్వోలో వేసి లవణాలన్నీ తీసి, కావలసినవి కొలిచి కలుపుకుంటాయి. మన బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. పటిక, సున్నంతో దాన్ని తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు దేశదేశాల్లో ఉంది. నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతి అది. మీకు సంబంధించినంతవరకు బీరు రుచిచూసే రోజు నోరు కడగడానికి ఫిల్టరు నీళ్ళే పెట్టుకోండి. ఉప్పు నీళ్ళ తర్వాత ఏ బీరుకైనా అసలు రుచి తెలియదు.

జొన్నలు మొలకెత్తించి ఇంట్లోనే బీరు చేసుకోవచ్చా? (నాగర్‌కర్నూల్)

లైసెన్సు లేకుండా తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కొలతలు చెప్పలేం.

నంజుకోవడానికి ఏం పెట్టాలి? (గద్వాల)

రుచి చూడటం అయ్యేదాకా రొట్టె తప్ప ఏమీ వద్దు. కారం తగిలితే చేదు, గ్యాసు రెండూ మంటలాగే తెలుస్తాయి. ఆ తర్వాత మీ ఇష్టం. మీ వైపు పచ్చి పల్లీలు ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టి పెడితే లాగర్‌కి వాటిని మించిన జత లేదు. గోధుమ బీరుకి మక్క గారెలు, అంబర్ ఏల్‌కి నాటుకోడి వేపుడు. స్టౌట్‌తో తలకాయ కూర చాలా బాగుంటుంది, చిక్కదనం చిక్కదనాన్ని మోస్తుంది. ఐపీఏతో మాత్రం పచ్చిమిర్చి ఎక్కువున్నవి పెట్టొద్దు, చేదు, మంట ఒకదాన్నొకటి ఎగదోస్తాయి.

ఖరీదైన బీరుని కళ్ళు మూసుకుని గుర్తుపడతానని ఒక మిత్రుడి పందెం. ఎలా తేల్చాలి? (నారాయణపేట)

మూడు గ్లాసుల పరీక్ష పెట్టండి. రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరే బీరు. మూడూ ఒకే రకం గ్లాసులు, ఒకే చల్లదనం, 50 మి.లీ. చొప్పున. అడుగున అంకెలు రాసిన కాగితాలు అంటించండి. పోసే మనిషి వేరే గదిలో ఉండాలి, ఏది ఏదో తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే జవాబు ముఖంలోనే దొరుకుతుంది. రంగులో తేడా ఉంటే దీపం తగ్గించండి. వేరేగా ఉన్నది ఏదో మాత్రమే చెప్పాలి.

ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది. అందుకని ఒక్కసారి గెలిచినంతమాత్రాన ఒప్పుకోవద్దు. గ్లాసుల వరస మారుస్తూ ఆరుసార్లు పెట్టండి. నాలుగుసార్లు సరిగ్గా చెబితే అదృష్టం కలిసొచ్చి ఉండొచ్చు, అలా జరగడానికి పదింట ఒక వంతు వీలుంది. ఐదుసార్లు చెబితే మిత్రుడి నాలుక నిజంగా పనిచేస్తోంది. ఆరు విడతలకి మనిషికి 900 మి.లీ. అవుతుంది గనుక రెండు రోజులకి పంచండి, లేదా గ్లాసుకి 20 మి.లీ.కి దించండి.